పాట ఆగదు... క్లిక్ తప్పకూడదు!

మేడ్చల్ దారిలో ఇంజినీరింగ్ కాలేజీలు. శామీర్‌పేటలో నల్సార్. ఆ పక్కనే 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఇన్ని కాలేజీలున్నచోట సంగీత రాత్రులకు కొదవేముంటుంది! బిట్స్‌లో జరిగే ‘పెర్ల్’ అలాంటి సంబరమే. ఆ వేదికల ముందు కెమెరా పట్టినవాళ్లకే తెలుస్తుంది అసలు కష్టం.

పెళ్లిలో అయితే ‘ఇటు చూడండి’ అనొచ్చు. ఇక్కడ కుదరదు. గాయకుడి నోటికి మైకు అడ్డం. డ్రమ్మరేమో వెనక చీకట్లో. ఎర్రటి ఎల్‌ఈడీ వెలుగు పడిందా, ముఖంలో కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. పెద్ద కచేరీల్లో మరో చిక్కు... తరచూ మొదటి మూడు పాటలకే అనుమతి, అదీ ఫ్లాష్ లేకుండా!

మరెలా? ఎఫ్ 2.8 లెన్సు, ఐఎస్‌వో 3200, షట్టరు వేగం సెకనులో 250వ వంతు... ఇలా మొదలుపెట్టి, వెలుగును బట్టి మార్చుకోవాలి. ఫొటోలో కాస్త గరుకు కనిపించినా ఫర్వాలేదు, చెదిరితేనే పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం పాట వినడం. చరణం ముగిసి గాయకుడు మైకు దించే క్షణాన్ని పట్టిచ్చేది చెవే.

వందల ఫొటోల్లో నిలిచేవి నాలుగైదు. అవీ ఒక్కోసారి తీసినవాళ్ల పేరు లేకుండానే చేతులు మారతాయి. డబ్బులూ అంతంతమాత్రమే.

అయినా ఎందుకు తీస్తారంటే... చదువు పూర్తవగానే చాలా కాలేజీ బ్యాండ్లు చెదిరిపోతాయి. గిటారు అటకెక్కుతుంది. ‘నువ్వు నిజంగా వాయించేవాడివా నాన్నా?’ అని రేపు పిల్లలడిగితే, చూపించడానికి ఆ ఒక్క ఫొటో ఉంటుంది!