ఆనకట్టయొద్ద గణితపాఠము

మన ఇంజనీరింగు విద్యార్థులకు సమాకలన సూత్రములన్నియు కంఠస్థములే. అవి యే గోడను నిలుపునని యడిగినచో పెక్కురు మౌనము వహింతురు. ఇందులకు మేము విద్యార్థులను నిందింపము. బోధనాక్రమమే తలక్రిందులుగా నున్నది.

ఆనకట్టతో పాఠము నేల ప్రారంభింపరాదు? నీటి ఒత్తిడి ఉపరితలమున శూన్యము. లోతుతోపాటు పెరుగుచు 10 మీటర్ల యడుగున చదరపు మీటరునకు సుమారు 10 టన్నులగును. ఇట్లు మారు ఒత్తిడిని పైనుండి క్రిందివరకు పొరపొరగా కూడుటయే సమాకలనము. మీటరు పొడవు గల గోడపై మొత్తము త్రోపుడు 50 టన్నులు వచ్చును. లోతు 20 మీటర్లైనచో అది 100 కాదు, 200! గోడను పడద్రోయు భ్రామకమో ఎనిమిది రెట్లగును. రాతికట్ట అడుగున నంత వెడల్పేల యుండునో ఈ లెక్కను స్వయముగా వేసిన బాలునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది నూతనవాదము కాదు. 1901లో గ్లాస్గోనగరమున బ్రిటిష్ అసోసియేషను సభలో జాన్ పెర్రీ పండితుడు దీనినే వాదించెను. 12వ శతాబ్దమునాటి లీలావతిలో గోతుల త్రవ్వకమునకు, ధాన్యరాశులకు, కొయ్యకోతకు ప్రత్యేక ప్రకరణములే కలవు. లీలావతిని పొగడుటకు మాత్రము మనకు కొదువ లేదు!

నిరూపణములు సన్నగిల్లునని కొందరి భయము. నిరూపణము వలదని మే మనుట లేదు. ప్రయోజన మెరిగిన పిదప చెప్పుడనుచున్నాము. అయినను పరీక్షాపత్రము మారనిదే పాఠము మారదు. ధవళేశ్వరపు బరాజునకు 175 తలుపులున్నవి. గోదావరీతీరపు కళాశాలలు తమ విద్యార్థుల నచ్చటకు గొనిపోయి, నీటిమట్టమును కొలిపించి, ఒక్క తలుపుపై త్రోపుడెంతయో లెక్కింపుమని మార్కులిచ్చి యడుగవలెను.