మయామీ బియ్యం

హైతీ అనే దేశం పేరు మీరు విన్నారా? అది మనకు చాలా దూరం, అమెరికాకు దగ్గర. సముద్రం మధ్య ఒక దీవి ఉంది. ఆ దీవిలో ఒక భాగం హైతీ. రెండో భాగం డొమినికన్ రిపబ్లిక్ అనే ఇంకో దేశం. హైతీ చిన్నది. మన ఆంధ్రప్రదేశ్‌ను ఆరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుంది. జనం మాత్రం కోటి దాటారు.

హైతీ జనం ఒకప్పుడు బానిసలు. ఫ్రాన్సు దొరల చెరుకు తోటల్లో చాకిరీ చేశారు. ఎదురు తిరిగి, పోరాడి, 1804లో స్వతంత్రం తెచ్చుకున్నారు. అలాంటి మొనగాళ్ల దేశం ఈనాడు తినే బియ్యానికి అమెరికా వైపు చూస్తోంది. ఇది ఎలా జరిగింది?

వెనకటి రోజుల్లో అక్కడ రోజూ అన్నం ఉండేది కాదు. జొన్నలు, మొక్కజొన్నలు, దుంపలు తినేవాళ్లు. మన దగ్గరా అంతే కదా! మన అమ్మమ్మలకు చాలామందికి వరి అన్నం పండగనాడే. మిగిలిన రోజుల్లో సంకటి, గటక, జొన్నరొట్టె.

హైతీలో ఆర్తిబొనీత్ అనే నది ఉంది. ఆ నది లోయలో వరి పండుతుంది. 1980ల మొదట్లో దేశానికి కావలసిన బియ్యంలో చాలా భాగం అక్కడే పండేది. రైతులు పండిస్తే, అమ్మేది ఆడవాళ్లు. ఊరూరా తిరిగి సరుకు కొని, పట్నం చేర్చి అమ్ముతారు. వాళ్లను 'మదాన్ సారా' అంటారు. అది ఒక పిట్ట పేరు. ఎప్పుడూ కిచకిచమంటూ తిరిగే పిట్ట. బేరాలాడే ఆడవాళ్లకు ఆ పేరు పెట్టారు. పేరు వెక్కిరింపుగా పెట్టినా, దేశానికి తిండి చేర్చేది వాళ్లే.

ఇక సుంకం సంగతి చూద్దాం. సంతలో సరుకు దించితే ఆశీలు కడతాం కదా. అలాగే ఒక దేశం సరుకు ఇంకో దేశంలోకి వస్తే సుంకం కట్టాలి. లెక్క కోసం ఇలా అనుకోండి. బయటి నుంచి వచ్చే బస్తా ధర 1000 రూపాయలు. సుంకం నూటికి 50. అప్పుడు బస్తా 1500 పడుతుంది. మన ఊరి బస్తా 1200. జనం ఏది కొంటారు? మన ఊరిదే. ఇప్పుడు సుంకం నూటికి 3 చేయండి. బయటి బస్తా 1030. మన ఊరి రైతు బస్తా అలాగే ఉండిపోతుంది.

హైతీలో జరిగింది ఇదే. 1986లో అక్కడి నియంత దేశం విడిచి పారిపోయాడు. తరవాత వచ్చిన వాళ్లు అప్పుల కోసం చెయ్యి చాచారు. అప్పు ఇచ్చే సంస్థలు, వాటి వెనక ఉన్న అమెరికా ఒక మాట చెప్పాయి: తలుపులు తెరవండి, సుంకాలు తగ్గించండి. అమెరికా బియ్యం రావడం మొదలైంది. 1991లో సైన్యం అధ్యక్షుడు అరిస్టిడ్‌ను దించేసింది. 1994లో అమెరికా సైన్యం సాయంతో ఆయన తిరిగి వచ్చాడు. సాయం ఊరికే రాలేదు. 1995లో బియ్యం మీద సుంకం నూటికి 3కు దిగింది. కుర్చీ తిరిగి ఇప్పించిన వాళ్లకు కాదని చెప్పడం ఎవరికైనా కష్టమే.

అమెరికా బియ్యం అంత చవక ఎందుకు? అక్కడ ఒక్కో రైతుకు వందల ఎకరాలు ఉంటాయి. పని అంతా యంత్రాలదే. పైగా వాళ్ల ప్రభుత్వం రైతుకు డబ్బు సాయం చేస్తుంది. హైతీ రైతుకు ఎకరం, రెండెకరాలు. ఎరువు కొనాలన్నా అప్పే. ఈ ఇద్దరినీ ఒకే సంతలో నిలబెట్టి పోటీ పడమన్నారు.

ఓడల్లో వచ్చిన ఆ బియ్యానికి జనం 'మయామీ బియ్యం' అని పేరు పెట్టారు. మయామీ అమెరికాలో ఒక పట్నం. మొదట్లో పట్నం పేదలు సంతోషించారు. అది తప్పు అనలేం. కూలి చేసుకునే తల్లికి చవక బియ్యం కావాలి కదా. కానీ లోయలో చాలామంది రైతులకు పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. పిల్లలతో పట్నం చేరి మురికివాడల్లో గుడిసెలు వేసుకున్నారు. నిన్న బియ్యం అమ్మిన ఇల్లు ఇవాళ బియ్యం కొనే ఇల్లు అయింది.

2008లో ప్రపంచమంతా బియ్యం ధర పెరిగింది. అమ్మే దేశాలు ముందు తమ జనం సంగతి చూసుకున్నాయి. మన దేశం కూడా బాస్మతి కాని బియ్యం బయటికి పంపడం ఆపింది. హైతీలో ఆకలితో జనం వీధుల్లోకి వచ్చారు. గొడవల్లో ప్రాణాలు పోయాయి. ఏప్రిల్‌లో ప్రధానమంత్రి పదవి ఊడింది. చవక బియ్యం ఎప్పటికీ చవకగా ఉండదని అప్పుడు తెలిసింది. కానీ సొంత పొలాలు అప్పటికే వెనకబడి ఉన్నాయి.

బిల్ క్లింటన్ 1993 నుంచి 2001 దాకా అమెరికా అధ్యక్షుడు. ఆయన సొంత రాష్ట్రం అర్కాన్సా. అమెరికాలో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఆ రాష్ట్రమే. 2010 మార్చిలో ఆయన అమెరికా సెనేటు కమిటీ ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఈ పద్ధతి అర్కాన్సా రైతులకు మేలు చేసి ఉండొచ్చు గానీ హైతీకి పనికి రాలేదని, అది పొరపాటని చెప్పాడు. పెద్ద దేశం నాయకుడు అలా అనడం అరుదు. అయితే ఆ మాటతో పొలాలు తిరిగి పచ్చబడలేదు.

అదే దీవిలోని డొమినికన్ రిపబ్లిక్ వేరే దారి పట్టింది. చాలా ఏళ్లు బియ్యం మీద పెద్ద సుంకం ఉంచింది. కాలువలు బాగు చేసి, రైతులకు అప్పులు ఇచ్చింది. తనకు కావలసిన బియ్యం చాలావరకు తానే పండించుకుంటోంది.

హైతీ కష్టాలన్నిటికీ సుంకమే కారణం అనలేం. అడవులు కొట్టేశారు. కాలువలు పూడిపోయాయి. 2010 జనవరిలో భూకంపం వచ్చింది. ఈ మధ్య తుపాకుల ముఠాలు రోడ్లను పట్టుకున్నాయి. 2024 అక్టోబరులో ఆర్తిబొనీత్ లోయలో ఒక ఊరి మీద పడి వందమందికి పైగా చంపాయి. బస్తా మోసుకుని బయలుదేరిన మదాన్ సారా ముఠాలకు డబ్బు కట్టి దాటాలి. సర్కారు సుంకం తగ్గింది గానీ ఈ సుంకం మోయలేనంత పెరిగింది.

ఇప్పుడు హైతీ తినే బియ్యంలో నూటికి 80 పాళ్లు బయటి నుంచే వస్తాయి. అందులో ఎక్కువ అమెరికాదే. ఆ సంతల్లో 'మామిత్' అనే రేకు డబ్బాతో బియ్యం కొలుస్తారు, మనం సోల, తవ్వతో కొలిచినట్టు. ఆ డబ్బా ఇప్పటికీ ఆడవాళ్ల చేతిలోనే ఉంది.