మళ్లీ సైకిలు ఎక్కుతున్నారా? షోకు చూసి కొనకండి!

మన పల్నాడు పల్లెల్లో ఏ బజారుకు వెళ్లినా నాలుగైదు ఇళ్ల వసారాల్లో గేరు సైకిళ్లు కనిపిస్తాయి. లావు టైర్లు, మెరిసే రంగులు, ముందొక షాకు, వెనకొక షాకు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒకదాని హేండిలు మీద తువ్వాళ్లు ఆరేసి ఉంటాయి. ఇంకోదాని టైర్లలో గాలి పోయి ఏడాది అయి ఉంటుంది. కొన్నవాళ్లను అడిగితే "ఆ... మోకాళ్లు నొప్పులండీ, మన వల్ల కాదు" అంటారు.

నిరుడు ఆ వసారాల్లో మాదీ ఒకటి. 18 వేల రూపాయలు పోసి కొన్న సైకిలు నెల తిరక్కుండా గోడకు చేరింది. తప్పు మోకాలిది కాదు, వయసుది అంతకన్నా కాదు. కొనేటప్పుడు నేను అడగవలసినవి అడగలేదు, చూడవలసినవి చూడలేదు. నాకు జరిగింది మీకు జరక్కూడదని ఇది రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ల తర్వాత

చిన్నప్పుడు మనమందరం సైకిలు తొక్కినవాళ్లమే. కాళ్లు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాం. గంటకింతని అద్దె కట్టి తొక్కాం. పెద్దయ్యాక స్కూటరు వచ్చింది, తర్వాత మోటారు సైకిలు. పక్క బజారుకు వెళ్లాలన్నా కిక్కు కొట్టడమే. యాభై దాటేసరికి ఒంట్లో సుగరు. రోజూ కాస్త ఒళ్లు వంచమని డాక్టరు చెప్పారు. సైకిలు తొక్కవచ్చా అని అడిగితే, నిక్షేపంగా తొక్కమన్నారు.

మర్నాడే పట్నం వెళ్లి షాపులో నిలబడ్డాను. పాత నల్ల సైకిళ్లు ఓ మూల రెండే ఉన్నాయి. మిగతావన్నీ మౌంటెన్ సైకిళ్లే. కుర్రాడు "ఇది తీసుకోండి అంకుల్, డబుల్ సస్పెన్షన్. గుంటల్లో కూడా పరుపు మీద కూర్చున్నట్టు ఉంటుంది" అన్నాడు. పరుపు మాట విని పడిపోయాను.

ఈ సైకిలు ఎక్కడ పుట్టింది?

మౌంటెన్ సైకిలు అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో తమల్పాయిస్ అనే కొండ ఉంది. 1970 దశకంలో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత లావు టైర్ల సైకిళ్లను కొండ మీదికి చేర్చి, మట్టి బాటల్లో కిందికి దూకించేవారు. 1976లో పందేలు కూడా మొదలుపెట్టారు. ఆ దిగుడులో వెనక చక్రం ఇరుసులోని బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయేది. దిగిన ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పడింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో కొండ సైకిలు పందెం కూడా చేరింది.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఆ సైకిలు కొండ దిగడానికి పుట్టింది. మనకు కావలసింది పొలం దాకా, కాలువ కట్ట మీద, పక్క ఊరి తారు రోడ్డు మీద తొక్కడానికి. మరి వాళ్ల సైకిల్లో మనకు పనికొచ్చేది ఏది, పనికిరానిది ఏది?

షాకులు: కొనేవాడికి భారం

ముందు పనికిరానిది చెబుతాను. వెనక షాకు. మంచి షాకులున్న సైకిళ్లు ఉన్నాయి, వాటి ధర మోటారు సైకిలు ధరతో పోటీ పడుతుంది. మనం కొనే 15, 20 వేల సైకిలుకు వెనక పెట్టేది ఉత్త స్ప్రింగు. పెడలు నొక్కిన ప్రతిసారీ అది కిందికి దిగి పైకి లేస్తుంది. మన కాలి బలం చక్రానికి పోవలసింది పోయి కొంత ఆ స్ప్రింగు మింగుతుంది. పైగా ఇనుము బరువు. ఆ బండి మీద నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి నాకు ఆయాసం వచ్చేది. ముసలితనం అనుకున్నాను. కాదు, స్ప్రింగుతనం!

ముందు షాకు ఉంటే ఉండనివ్వండి. లేకపోతే ఇంకా మేలు. బండి తేలిక, చెడేది ఒకటి తక్కువ. మన దారుల గతుకులకు లావు టైరే సగం షాకు.

సైజు అంటే చక్రం కాదు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. పాత సైకిళ్లలో 22, 24 అంటే ఫ్రేము సైజు. కొత్తవాటి మీద 26, 27.5, 29 అని రాసి ఉంటుంది. అది చక్రం సైజు. ఫ్రేము సైజు వేరే. దాన్ని అడిగి తెలుసుకోవాలి. సుమారుగా అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి 16 అంగుళాల ఫ్రేము, అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి 18 అంగుళాలది సరిపోతుంది. కంపెనీని బట్టి కాస్త తేడా ఉంటుంది కాబట్టి లెక్క కంటే ఒళ్లే సాక్షి. సైకిలును కాళ్ల మధ్య పెట్టుకుని రెండు పాదాలు నేల మీద ఆనించి నిలబడండి. పై కడ్డీకీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. లేదంటే అది మీ సైకిలు కాదు.

తర్వాత సీటు ఎత్తు. నా మోకాలు నొప్పికి అసలు కారణం ఇదే. చిన్నప్పటి అలవాటు కొద్దీ రెండు కాళ్లూ నేలకు ఆనేలా సీటు దించేశాను. అలా తొక్కితే మోకాలు పూర్తిగా సాగదు. ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. నొప్పి రాక ఏమవుతుంది? సరైన కొలత ఇది: సీటు మీద కూర్చుని, మడమ పెడలు మీద పెట్టండి. పెడలు బాగా కిందికి ఉన్నప్పుడు కాలు నిటారుగా సాగాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి కాలు ఆనించుకోవాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

21 గేర్లు ఎందుకు?

పాత సైకిలుకు సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఎదురు గాలి అయినా, ఎగువ అయినా అంతే. గేరు సైకిల్లో ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు ఉంటే, ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ముందు 24 పళ్లది, వెనక 28 పళ్లది వేసుకుంటే పెడలు ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. మెల్లగా పోతుంది, కానీ ఎగువలో కాలికి తేలిక. ముందు 42, వెనక 14 వేస్తే మూడు చుట్లు తిరుగుతుంది.

యాభై దాటిన మోకాలికి గేరు నిజంగా వరం. 21 ఉండాలని లేదు. వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గర దగ్గరగానే ఉంటాయి. మన నేలకు వెనక ఏడు గేర్లున్నా చాలు. గేరు మార్చేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. పెడలు తిరుగుతూ ఉండగానే మార్చాలి. ఎగువ మొదలవకముందే మార్చాలి, మధ్యలో బలంగా నొక్కుతూ మారిస్తే చైను జారుతుంది. ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేయకూడదు. చైను అడ్డంగా లాగబడి త్వరగా అరుగుతుంది.

నల్లరేగడి, పల్లేరు ముళ్లు

మన దగ్గర వాన పడితే నల్లరేగడి చక్రానికి పిండిలా పట్టేస్తుంది. రిమ్మును పట్టుకునే బ్రేకులైతే మట్టి బ్రేకు కట్టల దగ్గర ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. ఇరుసు దగ్గర డిస్కు బ్రేకు ఉంటే ఆ బాధ తక్కువ. డిస్కు మీద మాత్రం నూనె చుక్క పడనివ్వకండి, బ్రేకు పట్టదు. ఏ చేతిలో ముందు బ్రేకు, ఏ చేతిలో వెనక బ్రేకు అన్నది షాపులోనే చూసుకోండి. దిగువలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే బండి మనల్ని ఎత్తి పడేస్తుంది.

టైరు మీద గట్టి గట్టి మొటికలుంటే మట్టిలో పట్టు బాగుంటుంది కానీ తారు మీద బరువుగా లాగుతుంది, రొద చేస్తుంది. తారు రోడ్డే ఎక్కువ తొక్కేవాళ్లు మధ్యలో నున్నగా, అంచుల్లో మొటికలున్న టైరు అడగండి. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. చేత్తో నొక్కి అంచనా వేయకండి.

గాలి కొట్టే వాల్వు కూడా చూడండి. కొన్నిటికి పాతకాలపు సైకిలు వాల్వు ఉంటుంది. కొన్నిటికి మోటారు సైకిలు వాల్వు ఉంటుంది. రెండోదైతే పెట్రోలు బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు. ఇక పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉన్నంతకాలం పంక్చర్లు తప్పవు. చిన్న పంపు, రెండు ప్లాస్టిక్ లివర్లు, ప్యాచీలు, సొల్యూషను, అదనంగా ఒక ట్యూబు సంచిలో ఉండాల్సిందే.

ధరలో లేని ఖర్చులు

మా ఊరి మెకానిక్కు దగ్గరకి నా బండి తీసుకెళితే చుట్టూ తిరిగి చూసి "బాబాయ్, దీనికి నా స్పానర్లు ఒక్కటీ పట్టదు" అన్నాడు. ఆరు పలకల గుంట బోల్టులు. వాటికి ఆలెన్ కీలు కావాలి. ఆ కీల సెట్టు నేనే కొని అతని దగ్గర పెట్టాను. మీరు కొనేముందే మీ ఊళ్లో దాన్ని బాగుచేసేవాళ్లు ఎవరో ఆలోచించండి. కొత్త బండిలో తీగలు కొద్ది రోజులకు సాగుతాయి. గేర్లు, బ్రేకులు ఒకసారి సరిచేయించాలి. అది ఉచితమో కాదో బిల్లు రాసేటప్పుడే అడగండి.

ఈ సైకిళ్లకు చాలావాటికి మట్‌గార్డు, కేరియరు, చైను కవరు ఉండవు. కొన్నిటికి స్టాండు, బెల్లు కూడా విడిగా కొనాల్సిందే. మట్‌గార్డు లేకపోతే వానాకాలంలో వీపంతా బురదే. చైను కవరు లేకపోతే పంచె, లుంగీ, పైజమా ఏదైనా చైనులో పడుతుంది. పాల క్యాను తగిలించేవాళ్లు, గడ్డి మోపు కట్టేవాళ్లు పాత నల్ల సైకిలే కొనుక్కోవడం మంచిది. దానికి మించింది లేదు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం మాత్రం ఎవరికైనా తప్పనిసరి. లారీ డ్రైవరుకు మనం కనబడాలి కదా!

ఇంకో మాట. సైకిలు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకుని చూసుకోండి.

ముందు ఇంట్లో చూడండి

కొత్తది కొనేముందు వసారాలోకి చూడండి. ఇంటరులో కొడుకు కోసం కొన్న సైకిలు ఉందేమో! ఫ్రేము మీకు సరిపోతే టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు, తీగలు, చైను మార్చి చూడండి. కొత్తదాని ధరలో చిన్న వంతుతో పని అయిపోవచ్చు.

మెల్లగా మొదలు

మొదటి వారం పావుగంట చాలు. చదును దారి, పొద్దున్నే చల్లటి పూట. సీటు దగ్గర నొప్పి పది రోజుల్లో సర్దుకుంటుంది. మోకాలి నొప్పి సర్దుకోకపోతే సీటు ఎత్తు మళ్లీ చూడండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ఎక్కాలి. సుగరుకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవాళ్లు జేబులో నాలుగు చక్కెర బిళ్లలు వేసుకోవాలి. కళ్లు తిరిగినట్టు, చెమటలు పట్టినట్టు ఉంటే వెంటనే దిగి నోట్లో వేసుకోవాలి.

నా 18 వేల పరుపు బండిని 7 వేలకు అమ్ముకున్నాను. 11 వేలు గురుదక్షిణ అనుకున్నాను. తర్వాత షాకులే లేని, వెనక ఏడు గేర్లు మాత్రమే ఉన్న సైకిలు నా కొలతకు చూసి తీసుకున్నాను. మూడో నెలలో ఓ ఆదివారం తెల్లవారుజామున కోటప్పకొండకు వెళ్లాను. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు అన్నిటికన్నా తేలిక గేరు వేసి, రెండుచోట్ల దిగి నీళ్లు తాగి, నడిచేవాళ్లతో సమానంగా పైకి చేరాను. ఒక కుర్రాడు మోటారు సైకిలు ఆపి "తాతా, నెట్టమంటావా?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. దిగేటప్పుడు మాత్రం రెండు బ్రేకులూ వదిలి వదిలి పడుతూ నెమ్మదిగా దిగాను. తమల్పాయిస్ కుర్రాళ్లతో మనకు పందెం ఎందుకు?

ఇప్పుడు మా వసారాలో తువ్వాళ్లు ఆరేయడానికి దండెం కట్టాం. సైకిలు ఖాళీగా ఉండటం లేదు మరి!