కణద్రవ్య విభజన

జంతు కణం రెండుగా విడిపోయే ప్రక్రియలో చివరి ఘట్టాన్ని కణద్రవ్య విభజన అంటారు. సమవిభజనలో క్రోమోసోములు రెండు సమాన వాటాలుగా పంచబడిన తరువాత, కణద్రవ్యం కూడా విడిపోయి రెండు పిల్ల కణాలు ఏర్పడతాయి. పాఠాలలో ఈ ఘట్టం క్లుప్తంగా ముగుస్తుంది గాని, కణం ఇక్కడ తడబడితే అంతకుముందు జరిగిన పంపకమంతా వృథా అవుతుంది.

గాడి ఏర్పడుట

వృక్ష కణాలలో కణఫలకం అనే అడ్డుగోడ లోపలినుండి బయటికి పెరుగుతుంది. గట్టి కణకవచం లేని జంతు కణాలలో ఇందుకు భిన్నంగా త్వచమే లోపలికి నొక్కుకుపోతుంది. త్వచం అడుగున ఆక్టిన్ పోగులు, మయోసిన్ అణువులు వలయంగా అమరుతాయి. కండరాలను ముడిచేవి కూడా ఈ రెండు రకాల ప్రోటీన్లే. మయోసిన్ ఆక్టిన్ పోగులను లాగగా, సంచి మూతికి కట్టిన తాడు బిగిసినట్లు వలయం బిగిసి కణం నడుము సన్నబడుతుంది. అనిలిన్ అనే ప్రోటీన్ వలయాన్ని త్వచానికి అంటిపెట్టి ఉంచుతుంది.

వలయం ఎక్కడ ఏర్పడాలో నిర్ణయించేది కండె. కండె నడుమ చేరిన సెంట్రల్‌స్పిండ్లిన్ అనే ప్రోటీన్ల సముదాయం ఈసీటీ2 ప్రోటీన్‌ను రప్పిస్తుంది. అది రో-ఏ అనే మరో ప్రోటీన్‌ను చైతన్యపరుస్తుంది. రో-ఏ వల్లనే ఆక్టిన్ పోగులు పెరిగి, మయోసిన్ పని మొదలుపెడుతుంది.

అడవినాభి విషం

కండె లేకపోతే ఏమవుతుందో నల్లమల అడవులలోనూ కనిపించే అడవినాభి (అగ్నిశిఖ) తెలియజేస్తుంది. ఎరుపు, పసుపు రంగుల పూలు పూసే ఈ తీగ దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. అది సూక్ష్మనాళికలను నిర్మించే ట్యూబులిన్ ప్రోటీన్‌కు అంటుకొని కండెను ఏర్పడనీయదు. కణం క్రోమోసోములతో సహా మధ్యలోనే ఆగిపోతుంది. వేగంగా విభజన చెందే పేగు లోపలి పొర, ఎముక మజ్జ ఈ విషానికి తీవ్రంగా దెబ్బతింటాయి. దుంపను తినదగినదని పొరబడి తిన్నవారు మరణించిన సందర్భాలున్నాయి. ఇదే కోల్చిసిన్ తగు మోతాదులో గౌట్ వ్యాధికి మందు.

చివరి తెంపు

వలయం ఎంత బిగిసినా కణాన్ని పూర్తిగా తెంపలేదు. పిల్ల కణాల మధ్య సూక్ష్మనాళికలతో నిండిన సన్నని వంతెన మిగులుతుంది. దాని నడుమ ఉండే ఉబ్బును వాల్టర్ ఫ్లెమింగ్ 1891లో వర్ణించాడు. అక్కడికి సెప్55 అనే ప్రోటీన్ చేరి, ఏలిక్స్, టీఎస్‌జీ101 ప్రోటీన్లను రప్పిస్తుంది. వాటి వెంట వచ్చే ఎస్కార్ట్-3 ప్రోటీన్లు త్వచం లోపలివైపు మరలాగా చుట్టుకొని దానిని ఇరుకు చేస్తాయి. స్పాస్టిన్ సూక్ష్మనాళికలను కత్తిరిస్తుంది. హెచ్ఐవీ కూడా కణం నుండి బయటపడటానికి ఈ ప్రోటీన్లనే వాడుకుంటుంది. కణ విభజనలో వీటి పాత్ర 2007లో వెల్లడైంది.

వంతెనలో క్రోమోసోము ముక్క చిక్కుకుంటే అరోరా-బీ అనే ఎంజైము తెంపును వాయిదా వేస్తుంది. తెంపు విఫలమైతే రెండు కేంద్రకాల కణం మిగులుతుంది. కాలేయంలో ఇటువంటి కణాలు సహజమే; ఇతర చోట్ల ఇవి క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

వృషణాలలో మాత్రం తెంపు జరగకపోవడమే అవసరం. అక్కడ టెక్స్14 అనే ప్రోటీన్ సెప్55 పనికి అడ్డుపడి, శుక్రకణాలుగా మారబోయే కణాలను వంతెనలతో కలిపి ఉంచుతుంది. ఈ ప్రోటీన్ లోపించిన మగ ఎలుకలకు సంతానం కలగదు.