పాలరాతిని తొలిచిన ఆల్చిప్పలు

ఇటలీలో నేపుల్స్ నగరం పక్కన పొజ్జువోలి అనే ఊరుంది. అక్కడ రోమనుల నాటి సంత భవనం శిథిలాలలో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 12 మీటర్ల ఎత్తు. 1750లో తవ్వి తీసిన ఈ శిథిలాలను చాలాకాలం గుడి అనుకున్నారు. స్తంభాల అడుగుభాగం నున్నగా ఉంటుంది. సుమారు మూడున్నర మీటర్ల ఎత్తున మాత్రం, ఎవరో బరమాతో తొలిచినట్టు గుంతలు మొదలవుతాయి. అక్కడినుంచి 2.7 మీటర్ల మేర గుంతలే గుంతలు! ఆపైన ఒక్కటీ లేదు.

తొలిచింది మనుషులు కాదు, లిథోఫాగా అనే సముద్రజీవి. మీరు సముద్రపు ఒడ్డున ఏరుకునే ఆల్చిప్పలకు ఇది చుట్టమే. ఖర్జూరపు పండులా పొడుగ్గా, గోధుమరంగులో ఉంటుంది. లిథోఫాగా అంటే 'రాతిని తినేది' అని అర్థం. కాని ఇది రాతిని తినదు. సముద్రపు నీటిని లోపలికి పీల్చి, అందులోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. రాయి దానికి ఇల్లు మాత్రమే.

మెత్తని ప్రాణి గట్టి రాతిని ఎలా తొలుస్తుంది? దాని శరీరంలో ఊరే ద్రవం సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అందుకే సున్నపురాయి, పాలరాయి, పగడపు దిబ్బలను తప్ప గ్రానైటును ముట్టుకోదు. మరి దాని చిప్పలూ సున్నంతో తయారైనవే గదా, అవి కరిగిపోవా? చిప్పల మీదున్న గోధుమరంగు పొర వాటిని కాపాడుతుంది!

ఐరోపా తీరాల్లోని ఫోలాస్ అనే మరో ఆల్చిప్పది వేరే పద్ధతి. దాని చిప్పల ముందుభాగం ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. పాదంతో గుంత అడుగును పట్టుకుని, మెల్లగా తిరుగుతూ సుద్దరాతిని అరగదీస్తుంది.

పెరిగేకొద్దీ గుంతను లోపల పెద్దది చేసుకుంటాయే గాని, వాకిలి చిన్నదిగానే ఉండిపోతుంది. అంటే లోపలికి పోయిన ప్రాణికి అది యావజ్జీవ ఖైదే. లిథోఫాగా 5 సెంటీమీటర్లు పెరగడానికి పదిహేనేళ్ళకు పైగా పడుతుంది. దీన్ని తినడం కోసం జనం సుత్తులతో సముద్రపు రాళ్ళను పగలగొట్టేవారు. ఆ రాళ్ళ మీది జీవులన్నీ నాశనమవుతుండటంతో ఐరోపా సమాజం దీన్ని పట్టడాన్ని నిషేధించింది.

ఇప్పుడు స్తంభాల సంగతికి వద్దాం. లిథోఫాగా సముద్రపు నీటిలో తప్ప బతకదు. సంతను కట్టింది పొడినేల మీద. మధ్యధరా సముద్రం ఈ ఒక్క ఊళ్ళోనే ఆరు మీటర్లు పొంగి, తగ్గిందనడానికి వీల్లేదు. కాబట్టి కదిలింది నేలే! అది కుంగి స్తంభాలు నీట మునిగాయి. తరవాత అదే నేల వాటిని నిలువునా పైకి తెచ్చింది. అడుగుభాగాన్ని మట్టీ, బూడిదా కప్పేయడంతో లిథోఫాగాలు అక్కడికి చేరలేకపోయాయి. పైభాగానికి నీరే అందలేదు.

చార్లెస్ లయల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1830లో తన గ్రంథం మొదట్లోనే ఈ స్తంభాల బొమ్మ వేయించాడు. భూమి నెమ్మదిగా కుంగుతుంది, లేస్తుంది అనడానికి ఆయనకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు మరి. ఆ ఊరి కింద అగ్నిపర్వత ప్రాంతం ఉంది. 1982–84 మధ్య అక్కడి నేల దాదాపు 1.8 మీటర్లు లేచింది. తరవాత కొంత కుంగి, 2005 నుంచి మళ్ళీ లేస్తోంది.