ఫార్మల్ వెరిఫికేషన్

ఫార్మల్ వెరిఫికేషన్ అనగా ఒక సాఫ్ట్‌వేరు లేదా హార్డ్‌వేరు వ్యవస్థ తనకు నిర్దేశించిన నియమాలకు కట్టుబడి ఉన్నదని గణిత పద్ధతులలో నిరూపించడం. ఇది కంప్యూటర్ శాస్త్రములో ఒక విభాగము. అనేక పనులు ఒకేసారి జరిగే సమకాలిక వ్యవస్థలకు దీని అవసరం ఎక్కువ. రైల్వే సిగ్నళ్ళు, విమానములు, వైద్య పరికరములు ఇందుకు ఉదాహరణలు.

పరీక్షల పరిమితి

రెండు ప్రక్రియలు ఒకేసారి నడుస్తున్నపుడు వాటి అడుగులు ఏ వరుసలో పడతాయో ముందుగా చెప్పలేము. పదేసి అడుగులు గల రెండు ప్రక్రియలు 1,84,756 వరుసలలో కలిసి నడవవచ్చు. దోషము వాటిలో ఏ ఒక్క వరుసలోనో దాగి ఉండవచ్చు. కావున వేలసార్లు సక్రమముగా నడిచిన ప్రోగ్రాము కూడా నిర్దోషమని చెప్పలేము. 1985-87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రము ఆరుగురు రోగులకు మితిమీరిన మోతాదు ఇచ్చినది. ఆపరేటరు వేగంగా ఆదేశాలు మార్చినపుడు మాత్రమే బయటపడే సమకాలిక దోషము ఇందుకు ఒక కారణము.

ఉదాహరణ: సింగిల్ లైను

రెండు స్టేషన్ల మధ్య ఒకే రైలు మార్గము, ఎదురెదురుగా రెండు రైళ్ళు ఉన్నాయనుకొందాము. ప్రతి రైలుకు మూడు స్థితులు: వేచి ఉండుట, మార్గములో ఉండుట, దాటిపోవుట. రెండింటికీ కలిపి 9 స్థితులు. వీటిలో రెండు రైళ్ళూ మార్గములోనే ఉన్న స్థితి ప్రమాదకరము. ఈ నమూనాపై రెండు ధర్మాలను నిరూపించవలెను.

భద్రత: ప్రమాదకర స్థితి ఎన్నటికీ రాదు.
పురోగతి: వేచి ఉన్న రైలు ఎప్పటికైనా కదులుతుంది.

రెండు సిగ్నళ్ళనూ ఎల్లప్పుడూ ఎర్రగానే ఉంచితే భద్రత నెరవేరుతుంది కానీ పురోగతి నెరవేరదు. రెండు వైపుల నుండి "మార్గము ఖాళీ" అని చూసి, ఆ తరువాత సిగ్నలు మార్చే పద్ధతిలో ఇద్దరూ ఒకే క్షణములో ఖాళీగా చూడవచ్చు. అపుడు రెండూ పచ్చబడతాయి. చూచుట, మార్చుట విడదీయరాని ఒకే అడుగుగా ఉండవలెనని నమూనా తెలుపుతుంది.

చరిత్ర

1962లో కార్ల్ ఆడమ్ పెట్రి తన సిద్ధాంత వ్యాసములో పెట్రి నెట్‌లకు పునాది వేశాడు. 1965లో డైక్‌స్ట్రా పరస్పర వర్జన సమస్యను వివరించాడు. 1977లో అమీర్ ప్నుయెలీ కాలిక తర్కమును ప్రోగ్రాములకు అన్వయించాడు. స్థితులన్నిటినీ కంప్యూటరే వెదికే మోడల్ చెకింగ్‌ను రూపొందించిన క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 ట్యూరింగ్ అవార్డు లభించినది. 1998లో ప్రారంభమైన పారిస్ మెట్రో 14వ లైను భద్రతా సాఫ్ట్‌వేరు బి-పద్ధతిలో నిరూపించబడినది.

పరిమితులు

మూడు స్థితులు గల రైళ్ళు 20 ఉంటే మొత్తం స్థితులు 348 కోట్లు దాటుతాయి. దీనిని స్థితుల విస్ఫోటము అంటారు.

రెండవ పరిమితి, నిరూపణ నమూనాకే గానీ వాస్తవ ప్రపంచానికి కాదు. "ఎర్ర సిగ్నలు వద్ద రైలు ఆగును" అనేది పై నమూనాలో ఊహ మాత్రమే. 2012 మే 22 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ స్టేషనులో, హంపి ఎక్స్‌ప్రెస్ సిగ్నలును దాటి వచ్చి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. సుమారు 25 మంది మరణించారు. సిగ్నళ్ళ తర్కము ఎంత నిర్దోషమైనా ఇటువంటి ప్రమాదము ఆగదు. 2020లో భారతీయ రైల్వే జాతీయ వ్యవస్థగా స్వీకరించిన కవచ్, డ్రైవరు స్పందించకపోతే తానే బ్రేకులు వేస్తుంది. అనగా నమూనాలోని ఊహను యంత్రమునకు అప్పగిస్తుంది.

ఇవి కూడా చూడండి

పెట్రి నెట్
మోడల్ చెకింగ్
కవచ్
పెనుకొండ