చాపకూడు తిన్నవాళ్ల యుద్ధం

బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్ నుంచి ముఖచిత్ర కథనం కావాలని సంపాదకుడు ఫోన్ చేశారు. బ్రిస్బేన్‌లో మన పిల్లలు వెయ్యేసి పేజీల ఫాంటసీ నవలలు వరసపెట్టి చదువుతున్నారట, వాటి నిండా యుద్ధాలూ కుట్రలూ హత్యలేనట, అవి నిజంగా చదవదగ్గవేనా అన్నది ఆయన ప్రశ్న.

ఇక్కడ ఆ నవలలు దొరకడం కష్టమేమీ కాదు. బ్రిస్బేన్ నడిబొడ్డుకు దక్షిణాన, మెయిన్స్ రోడ్డు, మెకల్లాక్ స్ట్రీట్ కలిసే చోట చైనా, తైవాన్ వాళ్ల అంగళ్లు దాటి ఇంకా దక్షిణానికి వెళ్తే సన్నీబ్యాంక్ హిల్స్ షాపింగ్‌టౌన్ వస్తుంది. నగరపాలక గ్రంథాలయం అందులోనే ఉంది. కూరగాయలు కొనుక్కుని, అదే చేత్తో పుస్తకాలు తీసుకెళ్లొచ్చు. సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు. మన ఇళ్లలో వినిపించే మాట మాత్రం ఒకటే: "ఆ చంపుకోవడాలు చదివితే ఏమొస్తుందిరా?"

ఏమొస్తుందో చెప్పాలంటే నేను పల్నాడు వెళ్లాలి. ఈ పని మీద కూర్చున్నాక నన్ను కదలనివ్వని పుస్తకం ఈ ఫాంటసీలు రాసే మార్టిన్‌ది కాదు, ఎబర్‌క్రాంబీది కాదు. జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు పల్నాటి వీరుల కథను గాయకుడి నోట విని, ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం. 1982లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు అచ్చేశారు. పాడినవాడు అలిసెట్టి గాలెయ్య. ఈ కథను తరతరాలుగా కాపాడుకొచ్చిన వీరవిద్యావంతుల్లో ఒకడు. మనలో చాలామందికి పల్నాటి కథ అంటే శ్రీనాథుడి పేరున్న ద్విపద, లేదంటే సినిమా. గాలెయ్య పాట వాటి కంటే చాలా పెద్దది. ఎక్కడో పూర్వజన్మల దగ్గర మొదలై కారంపూడి రణరంగం దాకా నడుస్తుంది. దేవతలున్నారు, వరాలున్నాయి, శాపాలున్నాయి. అయినా కథ ముందుకు నడిచేది మాత్రం పంపకాలు, పందేలు, పశువులు, మాట తప్పడాల వల్ల.

అలరాజు సంగతే చూడండి. పల్నాటి రాజ్యం పంచుకున్న అన్నదమ్ముల్లో ఒకడైన మలిదేవరాజు పరివారం కోడిపందెంలో ఓడి ఏడేళ్లు ఊరు విడిచి వెళ్లింది. గడువు తీరింది. రాజ్యభాగం అడగటానికి అలరాజు రాయబారిగా గురజాల వెళ్లాడు. అతను అవతలి పక్షం రాజు నలగాముడికి సొంత అల్లుడు. తిరుగుదారిలో విషం పెట్టించి చంపారు. భర్త శవం వెంట పేరిందేవి సహగమనం చేసింది. ఒక్క కుట్రతో నలగాముడు తన రాజ్యం కాపాడుకున్నాననుకున్నాడు, తన కూతుర్ని తనే పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత సంధి మాట ఎత్తే మొహం ఎవరికీ మిగల్లేదు.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన ఫాంటసీ వరసలో 2000లో తెచ్చిన మూడో సంపుటంలో ఒక పెళ్లివిందు ఉంది. అతిథులను ఇంట్లో కూర్చోబెట్టి, అన్నం పెట్టి, నరికేస్తారు. దానికి స్కాట్లాండు చరిత్రే ఆధారమని ఆయనే చెప్పాడు. 1440లో ఎడింబరో కోటలో భోజనానికి పిలిచి డగ్లస్ వంశపు కుర్రవాళ్లిద్దర్ని చంపారు. 1692 ఫిబ్రవరిలో గ్లెన్‌కోలో దాదాపు రెండు వారాలు మెక్‌డోనల్డుల ఇళ్లలో తిని పడుకున్న సైనికులే ఒక తెల్లవారుజామున వాళ్ల మీద కత్తి దూశారు. ఆ విందు చదివి ప్రపంచం గుండె ఆగినంత పనైంది. పల్నాటి గాయకులు రాయబారి హత్యను అంతకు ఎన్ని తరాల ముందు నుంచి పాడుతున్నారో! ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు స్పష్టమైన విషయం ఇది: హత్య ఎంత ఘోరంగా ఉందన్నది ముఖ్యం కాదు. దాని బాకీ ఎవరి మెడకు చుట్టుకుంది, కథ ఆ బాకీని చివరిదాకా గుర్తుపెట్టుకుందా లేదా అన్నది చూడాలి. మార్టిన్ గుర్తుపెట్టుకున్నాడు. ఆతిథ్యాన్ని చంపినవాడి గడప ఎవరూ నమ్మి తొక్కరు. గాలెయ్యా గుర్తుపెట్టుకున్నాడు.

బొంగరం ముచ్చట ఇంకా గొప్పది. యుద్ధం సంగతి మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి చెవిన పడకుండా పెద్దవాళ్లు దాచారు. వాడు వీధిలో బొంగరం ఆడుతుంటే అది వెళ్లి కోమటి అన్నమ్మ కాలికి గుచ్చుకుంది. నొప్పికి ఆమె తిట్టింది: నీవాళ్లంతా రణానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని. కుర్రవాడు అలా యుద్ధానికి బయల్దేరాడు. ఆకాశవాణి లేదు, భవిష్యవాణి లేదు. దారిన పోయే ఆడపిల్ల కాలి గాయం ఒక మహాయుద్ధానికి మలుపు. ఈ ఒక్క ఘట్టం కోసం నేను నాలుగు సంపుటాల మంత్రదండాలు వదులుకుంటాను.

వాడి వెంట నడిచిన వేర్వేరు కులాల తమ్ముళ్లలో బ్రాహ్మణుడున్నాడు, కంసాలి ఉన్నాడు, కుమ్మరి, చాకలి, మంగలి ఉన్నారు. అందరూ కలిసి తిన్నారు. బ్రహ్మనాయుడు మాచర్లలో పెట్టిన చాపకూడు అది. మాల కన్నమదాసు ఆ సేనకు నాయకుల్లో ఒకడు. ఇక్కడ కథ మెత్తబడదు. బ్రాహ్మణ తమ్ముడు అనపోతును యుద్ధంలో చావనివ్వకూడదని బాలచంద్రుడు ఏదో వంకపెట్టి వెనక్కి పంపేస్తాడు. మోసం తెలుసుకుని అనపోతు తన ప్రాణం తనే తీసుకుంటాడు. ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్ల మధ్య కూడా కులం చావు దగ్గర ఎలా అడ్డం వచ్చిందో పాట దాచలేదు. సమానత్వం పాడినవాళ్లే ఆ నొప్పినీ పాడారు.

పశువులను కాచిన లంకన్న నల్లమలలో చచ్చిపోతాడు. రాజులు పోయాక ఏడ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మందకాపరికి కూడా కథలో ఒక చావు, ఉత్సవంలో ఆ చావుకొక రోజు కేటాయించారు పల్నాటివాళ్లు. నలగాముడి పక్షాన నిలిచిన నాగమ్మ సంగతికొస్తే, వేటకొచ్చిన రాజ పరివారానికి తన గాదెల నుంచి భోజనం పెట్టి మంత్రిపదవి దాకా ఎదిగిన ఆడది ఆమె. సినిమా ఆమెను దుష్టురాలిని చేసింది. పాట వింటే ఆమె లెక్క ఆమెకుందని తెలుస్తుంది. అంతా అయిపోయాక గెలిచిన బ్రహ్మనాయుడు అదే నలగాముణ్ణి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. కొడుకు పోయాడు, ప్రభువు పోయాడు, గద్దె మీద మాత్రం పాత మనిషే. ఇంత చేదు ముగింపు రాసే ధైర్యం ఈనాటి రచయితల్లో ఎందరికుంది?

ఈ కొలతతో చూస్తే ఇంగ్లీషు పుస్తకాల్లో మంచివి తేలిగ్గానే తేలతాయి. జో ఎబర్‌క్రాంబీ మూడు నవలల 'ఫస్ట్ లా'లో గ్లోక్టా అని ఒక విచారణాధికారి ఉన్నాడు. శత్రువుల చెరలో చిత్రహింసలు పడి, ఇప్పుడు తనే ఇతరులను హింసించే ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి కత్తుల కంటే మెట్లంటే భయం. చాలా పళ్లు లేవు, మెత్తటి తిండే దిక్కు. అతను మెట్టు ఎక్కిన ప్రతిసారీ మనకు పాత యుద్ధం నొప్పి తెలుస్తుంది. గ్లెన్ కుక్ 1984లో మొదలుపెట్టిన 'బ్లాక్ కంపెనీ'ని కిరాయి దళంలోని వైద్యుడు చెబుతాడు. గాయాలు కుట్టేవాడి కళ్లతో చూస్తే వీరత్వం మరోలా కనిపిస్తుంది.

ఆర్. ఎఫ్. క్వాంగ్ 'పాపీ వార్' సన్నీబ్యాంక్‌లో చదవడం వేరే అనుభవం. 2018లో వచ్చిన ఈ నవలలో రిన్ అనే అనాథ పరీక్ష రాసి సైనిక విద్యాలయంలో చేరుతుంది. సగం దాకా బడికథే. తర్వాత 1937 నాంజింగ్ మారణకాండ నీడలో రాసిన అధ్యాయాలు వస్తాయి. మనకది ఎక్కడో జరిగిన చరిత్ర. పక్క వీధిలో ఉంటున్న చైనా కుటుంబాలకు ముత్తాతల జ్ఞాపకం. మన పిల్లలూ వాళ్ల పిల్లలూ ఒకే బడిలో ఈ నవల చేతులు మార్చుకుంటే నాకు సంతోషం. పదహారేళ్లు నిండాకే ఇవ్వండి, అమ్మానాన్నల్లో ఒకరు ముందు చదవండి.

నాకు నచ్చని రకం గురించీ చెప్పాలి. ఆడవాళ్ల మీద అఘాయిత్యాన్ని వాతావరణం కోసం వాడుకుని, ఆ మనిషిని తర్వాతి పేజీలో మరిచిపోయే నవలలు ఈ అరలో దండిగా ఉన్నాయి. అదే వాస్తవికత అని అట్ట మీద రాసుకుంటారు. ఊళ్లు తగలబడతాయి, మర్నాడు సైన్యానికి బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయో రచయితకు పట్టదు. అలాంటివి మూసేయడానికి మొహమాటపడక్కర్లేదు.

చరిత్ర క్లుప్తంగా: పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర జరిగిందని, 1182 ప్రాంతమని చెబుతారు. శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ఆయన పేరున్న ద్విపదను అచ్చు వేయించారు. అటుపక్క ఇంగ్లీషు ఫాంటసీలో టోల్కీన్ 1954-55లో మూడు సంపుటాలు తెచ్చాడు, ఆ బాట మీద మంచీచెడూ తేటగా విడిపోయిన కథలు రాశులుగా వచ్చాయి, వాటికి ఎదురుగా కుక్, రాబిన్ హాబ్, 1996లో మార్టిన్ నిలిచారు. ఈ చీకటి ఫాంటసీల మీద పడ్డ 'గ్రిమ్‌డార్క్' అన్న ముద్ర వార్‌హామర్ 40,000 అనే ఆట ప్రచారం నుంచి వచ్చింది.

నా తీర్పు: ఈ నవలలు చదవదగ్గవి, చదివించదగ్గవి. పిల్లల చేతిలోంచి లాక్కోకండి. పక్కన కూర్చుని అలరాజు కథ చెప్పండి. మార్టిన్ విందు చదివిన పిల్ల ఆ కథను మీకంటే బాగా అర్థం చేసుకుంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?
పూర్తయిన కథే కావాలంటే 'ఫస్ట్ లా' (2006-08), 'పాపీ వార్' (2018-20). మార్టిన్ ఐదో సంపుటం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం పాఠకులు ఎదురుచూస్తూనే ఉన్నారు. మన ఊరి రచయిత్రి కావాలంటే కిమ్ విల్కిన్స్. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతారు. ఐదుగురు అక్కచెల్లెళ్ల కథ 'డాటర్స్ ఆఫ్ ద స్టార్మ్' 2014లో వచ్చింది.

తెర మీద పల్నాడు
1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు. 1966 చిత్రంలో ఆ పాత్రలు భానుమతి, ఎన్టీఆర్‌వి.

కారంపూడి వెళ్లేవారికి
పల్నాటి వీరుల ఉత్సవాలు కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి ఉంది. చాపకూడు ఇప్పటికీ పెడతారు, ఎవరైనా కూర్చుని తినొచ్చు.